బిల్డ్ ఆర్డర్‌ను కంఠస్థం చేయడం ఎలా: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేవారికి ఒక సాధన క్రమం

కంప్యూటర్ వ్యూహ క్రీడ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: బిల్డ్ ఆర్డర్‌ను, అంటే పనివారిని, భవనాలను ఏ క్రమంలో తయారు చేయాలో చెప్పే జాబితాను, బట్టీ పట్టాలా, ఆటను అర్థం చేసుకుని ఆడితే చాలదా? పట్టాలనే నా సమాధానం. అయితే పట్టవలసింది మొదటి పది నిమిషాలకు సంబంధించిన ఒకే ఒక్క బిల్డ్ ఆర్డర్‌ను, అందులోని ప్రతి అంకె వెనుక ఉన్న కారణంతో సహా. అరేబియా వంటి మ్యాప్‌లో ఆ పది నిమిషాలలో మీరు తీసుకోవలసిన నిర్ణయాలు ప్రతి ఆటలోనూ దాదాపు ఒకటే. వాటిని ప్రతిసారీ కొత్తగా ఆలోచించి తీసుకుంటే, నిజంగా ఆలోచించవలసిన చోట, అంటే ప్రత్యర్థి ఏం చేస్తున్నాడో గమనించవలసిన చోట, మీ దృష్టి మిగలదు.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది 21 పాపులేషన్ స్కౌట్ బిల్డ్, అంటే జనాభా 21కి చేరాక తరువాతి యుగానికి వెళ్లి, స్కౌట్లు అనే గుర్రపు సైనికులతో దాడి చేసే క్రమం. ఈ ఆటకు 2019 నవంబరులో వచ్చిన కొత్త కూర్పు డెఫినిటివ్ ఎడిషన్‌లో ర్యాంక్డ్ ఆటలు (ర్యాంకు కోసం ఇతరులతో ఆడేవి) మొదలుపెట్టేవారికి ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు తెలియదు, ఎందుకంటే ఇందులో గొర్రెలు, అడవిపందులు, బెర్రీలు, కలప, పొలాలు అన్నీ వస్తాయి, చేసిన తప్పు ఎక్కడ జరిగిందో గడియారం చూసి చెప్పవచ్చు.

కావలసినవి

డెఫినిటివ్ ఎడిషన్, ఒక కాగితం, కలం ఉంటే చాలు. ఆటలో స్టాండర్డ్ వనరులతో, అరేబియా మ్యాప్‌లో, ఒక ఏఐ ప్రత్యర్థిని పెట్టుకుని సింగిల్ ప్లేయర్ ఆట ఏర్పాటు చేసుకోండి. తెరపై ఆట గడియారం కనబడేలా సెట్టింగ్స్ మార్చుకోండి, అది లేకుండా ఈ సాధన సాగదు. మీ ప్రధాన భవనమైన టౌన్ సెంటర్‌ను ఎంచుకోవడానికి, అందులో విలేజర్‌ను (వనరులు సేకరించి భవనాలు కట్టే పనివాడిని) తయారు చేయడానికి, ఖాళీగా నిలబడిన విలేజర్ దగ్గరకు వెళ్లడానికి ఉన్న మూడు హాట్‌కీలను సాధన మొదలుపెట్టే ముందే వేళ్లకు అలవాటు చేసుకోండి. మిగతా హాట్‌కీలు తరువాత నేర్చుకోవచ్చు.

మీరు ఆడే సివిలైజేషన్‌గా, అంటే జాతిగా, ఫ్రాంక్స్‌ను గానీ మాగ్యార్లను గానీ ఎంచుకోండి. అదనపు విలేజర్లతో మొదలయ్యే చైనీయులను, మాయన్లను, ఇళ్లు అవసరం లేని హూణులను మొదటి సాధనకు తీసుకోవద్దు, ఎందుకంటే వారితో నేర్చుకున్న లెక్క ఇంకెవరికీ పనికిరాదు.

ముందు ఒకే ఒక్క లెక్క

ఒక విలేజర్ తయారు కావడానికి 25 సెకన్లు పడుతుంది. ఆట ముగ్గురు విలేజర్లతో మొదలవుతుంది. కాబట్టి టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఆగకుండా పనిచేస్తే 10వ విలేజర్ 2:55కు, 15వ విలేజర్ సరిగ్గా 5:00కు, 20వ విలేజర్ 7:05కు బయటకు రావాలి. విలేజర్లను దెబ్బలకు తట్టుకునేలా చేసే లూమ్ అనే పరిశోధనకు ఇంకో 25 సెకన్లు. అంటే ఆట మొదలయ్యే డార్క్ ఏజ్ నుంచి రెండవ యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కు వెళ్లే బటన్‌ను 7:30కు నొక్కగలగాలి. ఆ ప్రయాణానికి 130 సెకన్లు పడుతుంది కనుక 9:40కు ఫ్యూడల్ ఏజ్‌లో ఉంటారు. 2:55, 5:00, 7:05, 7:30, 9:40 అనే ఈ ఐదు సమయాలను కాగితం పైభాగంలో పెద్దగా రాసుకోండి. మీ ఆటను మీరే పరీక్షించుకోవడానికి ఇవే ఆధారం.

బిల్డ్ ఆర్డర్

ఇక్కడ చెప్పే అంకెలు విలేజర్ల వరుస సంఖ్యలు. పాపులేషన్‌లో, అంటే మొత్తం జనాభాలో, మొదటి నుంచీ మీ దగ్గరుండే స్కౌట్ కూడా ఒకటిగా లెక్కకు వస్తుంది కాబట్టి 20 మంది విలేజర్లంటే 21 పాపులేషన్. కొత్తవారు ఈ రెండింటినీ కలిపేసి ఒక విలేజర్ తక్కువగానో ఎక్కువగానో బటన్ నొక్కడం చాలా తరచుగా జరుగుతుంది.

1. ఆట మొదలైన వెంటనే ఉన్న 200 ఆహారంతో నలుగురు విలేజర్లను వరుసలో పెట్టండి. ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఒక ఇల్లు, ఒకరు ఇంకో ఇల్లు కట్టాలి. స్కౌట్‌తో టౌన్ సెంటర్ చుట్టూ తిరిగి గొర్రెలను వెతకండి.

2. ఇళ్లు కట్టిన ముగ్గురు, కొత్తగా వచ్చే 4, 5, 6వ విలేజర్లు గొర్రెల మీద పనిచేయాలి. ఒకసారికి ఒక్క గొర్రెనే, అదీ టౌన్ సెంటర్‌కు ఆనుకుని కోయాలి. కోసిన గొర్రె మాంసం నిలవ ఉన్న కొద్దీ పాడవుతుంది, ఒకేసారి రెండు మూడు కోస్తే ఆహారం వృథా అవుతుంది.

3. 7వ విలేజర్ లంబర్ క్యాంప్ (కలప దించే భవనం) కట్టి కలప కొడతాడు. 8, 9, 10వ విలేజర్లు కూడా కలపకే వెళ్లాలి. క్యాంప్‌ను చెట్లకు పూర్తిగా ఆనించి కట్టండి, ఒక్క గడి దూరం పెరిగినా నడకలోనే సమయం పోతుంది.

4. 11వ విలేజర్ మొదటి అడవిపందిని కొట్టి టౌన్ సెంటర్ దగ్గరకు రప్పించాలి. అతడు టౌన్ సెంటర్‌కు చేరగానే గొర్రెల మీద ఉన్నవారందరినీ పంది మీదకు తిప్పండి. ఇతడు అక్కడే ఆహారం మీద ఉండిపోతాడు.

5. 12వ విలేజర్ మూడవ ఇల్లు కట్టి, తరువాత బెర్రీ పొదల పక్కన మిల్ (ఆహారం దించే భవనం) కడతాడు. 13, 14, 15వ వారు నేరుగా బెర్రీలకు వెళ్లి మిల్ కట్టడంలో సాయం చేస్తారు. ఆ మూడవ ఇల్లు పూర్తికాకపోతే 15వ విలేజర్ బయటకు రాలేడు.

6. 16, 17వ విలేజర్లు టౌన్ సెంటర్ దగ్గరి ఆహారానికి వెళ్లాలి. మొదటి పందిలో దాదాపు 150 ఆహారం మిగిలి ఉండగా రెండవ పందికి ఒకరిని పంపండి. ఇంతకుముందు దెబ్బలు తిన్న విలేజర్‌ను మళ్లీ పంపవద్దు, అతడు దారిలోనే చనిపోతాడు.

7. 18వ విలేజర్ నాలుగవ ఇల్లు కట్టి కలపకు వెళతాడు. 19, 20వ వారు కూడా కలపకే. ఇప్పుడు టౌన్ సెంటర్ దగ్గర 9 మంది, బెర్రీల మీద నలుగురు, కలప మీద 7 మంది ఉండాలి.

8. లూమ్ నొక్కండి. అది పూర్తయ్యేసరికి 500 ఆహారం సిద్ధంగా ఉంటే వెంటనే ఫ్యూడల్ ఏజ్ నొక్కండి. ఇందుకు డార్క్ ఏజ్ భవనాలు రెండు ఉండాలన్న నియమాన్ని లంబర్ క్యాంప్, మిల్ తీరుస్తాయి.

9. ప్రయాణంలో ఉన్న 130 సెకన్లలో టౌన్ సెంటర్ దగ్గరి 9 మందిలో ముగ్గురిని కలపకు మార్చండి. మార్చే ముందు వారి చేతిలోని ఆహారాన్ని టౌన్ సెంటర్‌లో వేయించడం మరవద్దు. 175 కలప చేరగానే ఒక విలేజర్‌తో బ్యారక్స్ (కాలిబంట్ల భవనం) కట్టించండి. బ్యారక్స్‌కు 50 సెకన్లు పడుతుంది కాబట్టి ప్రయాణం సగానికి వచ్చేసరికి పునాది పడి ఉండాలి, అది ఆలస్యమైతే స్టేబుల్ (స్కౌట్లను తయారు చేసే భవనం) కూడా ఆలస్యమవుతుంది.

10. ఫ్యూడల్ ఏజ్‌కు చేరిన క్షణమే ఇద్దరు విలేజర్లతో స్టేబుల్ మొదలుపెట్టండి, కలప కొట్టే వేగం పెంచే డబుల్ బిట్ యాక్స్ పరిశోధించండి, విలేజర్ల తయారీ మళ్లీ మొదలుపెట్టండి. స్టేబుల్ పూర్తికాగానే స్కౌట్లను చేయండి. పొలాల దిగుబడి పెంచే హార్స్ కాలర్ తీసుకున్న తరువాత 60 కలప చేరినప్పుడల్లా ఒక పొలం వేస్తూ పోండి. అంతా సరిగా జరిగితే కొత్త స్కౌట్ 10:50 ప్రాంతంలో బయటకు వస్తుంది.

కంఠస్థం చేసే పద్ధతి

పై పది అంశాలను చదివినంత మాత్రాన అవి ఆటలో గుర్తుకు రావు. కింది క్రమంలో సాధన చేయండి, ఒక మెట్టు నిలకడగా వచ్చేవరకు తరువాతి మెట్టు ఎక్కవద్దు.

1. మొత్తం క్రమాన్ని మీ చేతితో, మీ మాటల్లో, ఒకే కాగితం మీద రాయండి. "ఆరుగురు గొర్రెలు, నలుగురు కలప, ఒకరు పంది, నలుగురు బెర్రీలు, ఇద్దరు ఆహారం, ముగ్గురు కలప" అనేంత క్లుప్తంగా ఉండాలి. వేరొకరు తయారు చేసిన పెద్ద పట్టికను తెర పక్కన అంటించుకుంటే చూసి ఆడటం అలవాటవుతుందే తప్ప గుర్తుండదు.

2. ఆట తెరవకుండానే ఆ క్రమాన్ని పైకి చెప్పండి. తరువాత మధ్యలో నుంచి అడిగించుకోండి: 12వ విలేజర్ ఏం చేయాలి? బెర్రీల మీద నలుగురు ఉన్నప్పుడు తరువాతి వాడు ఎక్కడికి? మొదటి నుంచి మాత్రమే చెప్పగలిగితే అది ఇంకా రాలేదని అర్థం, ఎందుకంటే ఆటలో మీ ధ్యాస మధ్యలోనే తెగుతుంది, అక్కడి నుంచే అందుకోవలసి ఉంటుంది.

3. ప్రతి అంశం పక్కన ఒక కారణం రాయండి. బెర్రీల మీదకు నలుగురు ఎందుకంటే, గొర్రెలు, పందులు అయిపోయిన తరువాత కూడా స్కౌట్లకు, విలేజర్లకు ఆహారం ఆగకుండా రావాలి కనుక. కలప మీద 10 మంది ఎందుకంటే, బ్యారక్స్, స్టేబుల్, పొలాలు అన్నీ కలపతోనే కట్టాలి కనుక. కారణం తెలిసిన అంకెను పరిస్థితి మారినప్పుడు మీరే మార్చుకోగలరు, కారణం తెలియని అంకె అటువంటి సమయంలో మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

4. సింగిల్ ప్లేయర్‌లో ఆట వేగం తగ్గించి ఆడండి. సంగీతం నేర్చుకునేవారు సరళీ స్వరాలను మొదటి కాలంలో తప్పు లేకుండా పాడిన తరువాతే రెండవ కాలానికి వెళతారు, ఇక్కడ కూడా అదే పద్ధతి. నెమ్మదైన వేగంలో టౌన్ సెంటర్ ఒక్కసారి కూడా ఆగకుండా 20 మంది విలేజర్లు రావాలి.

5. తరువాత ర్యాంక్డ్ ఆటల వేగానికి, అంటే 1.7 రెట్లకు మార్చండి. ఆ వేగంలో ఆట గడియారం 9:40 చూపే సరికి నిజమైన సమయం ఆరు నిమిషాలు కూడా గడవదు. కాబట్టి పూర్తి ఆట ఆడనవసరం లేదు, ఫ్యూడల్ ఏజ్ రాగానే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అరగంటలో నాలుగైదు సార్లు చేయవచ్చు. పూర్తి ఆటలు మాత్రమే ఆడేవారికి అదే అరగంటలో ఈ మొదటి భాగం ఒక్కసారే దొరుకుతుంది, అందుకే నెలల తరబడి ఆడినా అది మెరుగుపడదు.

6. ఇప్పుడు స్కౌట్‌ను కలపండి. ఇంతవరకు గొర్రెలు దొరికాక స్కౌట్‌ను వదిలేసి ఉంటారు. ఇకపై ప్రతి విలేజర్ బయటకు వచ్చే 25 సెకన్ల వ్యవధిలో కనీసం ఒక్కసారి స్కౌట్‌ను కదిలించి, ప్రత్యర్థి కలప, బంగారం ఎక్కడున్నాయో చూడాలి. మీ బిల్డ్ ఆర్డర్ నిజంగా వచ్చిందా లేదా అన్నది ఈ మెట్టులోనే తేలుతుంది. స్కౌట్‌ను కదిలిస్తుండగా టౌన్ సెంటర్ ఆగిపోతే ఐదవ మెట్టుకు తిరిగి వెళ్లండి, అందులో నష్టమేమీ లేదు.

7. ఏఐతో కాకుండా మనుషులతో ఆడండి. మొదటి ఆటలలో ఓడిపోయినా ఫ్యూడల్ సమయాన్ని మాత్రం ప్రతిసారీ కాగితం మీద రాసుకోండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

ఆట ముగిసిన తరువాత వచ్చే గణాంకాలలో ఫ్యూడల్ ఏజ్‌కు చేరిన సమయం ఉంటుంది. దాని నుంచి 9:40 తీసివేయండి. మిగిలిందంతా మీ టౌన్ సెంటర్ ఖాళీగా ఉన్న సమయం. 10:30 వచ్చిందంటే 50 సెకన్లు, అంటే ఇద్దరు విలేజర్లు రావలసినంత సమయం పోయింది. 10:00 లోపు నిలకడగా వస్తుంటే ఆ బిల్డ్ మీకు వచ్చినట్టే, ఇంకా ఐదు పది సెకన్ల కోసం పాకులాడటం కంటే స్కౌటింగ్ మీద శ్రద్ధ పెట్టడం మేలు.

సమయం పోయిందని తెలుసుకోవడం సగం పని మాత్రమే, ఎక్కడ పోయిందో కనిపెట్టాలి. రికార్డయిన ఆటను తెరిచి 2:55, 5:00, 7:05 దగ్గర ఆపి విలేజర్లను లెక్కపెట్టండి. మొదటి గుర్తు దగ్గరే ఒకరు తగ్గితే గొర్రెలు ఆలస్యంగా దొరికాయని, లేదా తొలి ఇళ్లు ఆలస్యమయ్యాయని అర్థం. 5:00కు తగ్గితే ముందుగా అనుమానించవలసింది పందిని రప్పించే సమయాన్ని, ఎందుకంటే చూపంతా పంది మీద ఉండగా టౌన్ సెంటర్ వరుస ఖాళీ అవుతుంది. దీనికి మందు సులభం: 11వ విలేజర్‌ను పంపే ముందు ఇద్దరిని వరుసలో పెట్టి పంపండి. 7:05కు తగ్గితే చాలా సందర్భాలలో కారణం నాలుగవ ఇల్లు.

విలేజర్లందరూ సమయానికి వచ్చినా బటన్ నొక్కేసరికి 420 ఆహారమే ఉందనుకోండి. అప్పుడు తప్పు తయారీలో కాదు, సేకరణలో ఉంది. గొర్రెలు టౌన్ సెంటర్‌కు దూరంగా చనిపోయాయా, పంది మధ్యదారిలో పడిపోయిందా, మిల్ బెర్రీలకు ఎడంగా ఉందా అని చూడండి. అటువంటి ఆటలో 500 కోసం చేతులు కట్టుకుని ఎదురు చూడకండి, ఇంకొక విలేజర్‌ను చేసి 22 పాపులేషన్‌తో వెళ్లండి. కొన్ని సెకన్ల ఆలస్యం ఎలాగూ తప్పనప్పుడు ఆ సమయానికి ప్రతిఫలంగా ఒక విలేజర్ అయినా దక్కుతాడు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే నష్టం చేసేది బిల్డ్ ఆర్డర్లను పోగుచేయడం. ఒక వారం స్కౌట్లు, ఇంకో వారం ఆర్చర్లు (విలుకాళ్లు), ఆపైన ఫాస్ట్ క్యాజిల్ (మూడవ యుగమైన క్యాజిల్ ఏజ్‌కు త్వరగా చేరడం) అంటూ మారే ఆటగాడికి ఏ ఒక్కటీ చూడకుండా చేసే స్థాయికి రాదు, పైగా ఓడిపోయిన ప్రతిసారీ తప్పు బిల్డ్‌దే అనిపిస్తుంది.

రెండవది, ఫ్యూడల్ ఏజ్ చేరగానే సాధన ముగిసిందనుకోవడం. 9:40కు చేరి కూడా 300 కలప వాడకుండా పెట్టుకుని కూర్చుంటే, 10:10కు చేరి వెంటనే స్టేబుల్ కట్టిన ప్రత్యర్థి మీకంటే ముందున్నట్టే. అందుకే పదవ అంశాన్ని కూడా కంఠస్థం చేయాలి.

మూడవది, పరిస్థితి మారినా కాగితాన్నే పట్టుకుని ఉండటం. ప్రత్యర్థి మీ అడవిపందిని ఎత్తుకుపోతే ఆ 340 ఆహారం ఇంకెక్కడి నుంచైనా రావాలి: స్కౌట్‌తో జింకలను టౌన్ సెంటర్ దగ్గరకు తోలండి, లేదా ఒక పొలం ముందుగానే వేయండి. డార్క్ ఏజ్‌లోనే మిలీషియా అనే కాలిబంట్లు మీ మీదకు వస్తే లూమ్‌ను చివరిదాకా ఆపకుండా అప్పుడే తీసుకోండి. లూమ్ ఎప్పుడు తీసుకున్నా పట్టేది అదే 25 సెకన్లు కనుక 7:30 మారదు. ఆటను అర్థం చేసుకోవడం, బట్టీ పట్టడం పరస్పర విరుద్ధం కావని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కంఠస్థం చేసినవారికి దక్కే ఇంకొక ప్రయోజనం గురించి తగినంతగా ఎవరూ చెప్పరు. మీ సమయాలు తెలిస్తే ప్రత్యర్థి సమయాలను కూడా చదవగలుగుతారు. ప్రత్యర్థి ఫ్యూడల్ ఏజ్‌కు చేరినప్పుడు ఆట మీకు తెలియజేస్తుంది. ఆ సందేశం 9:15కు వస్తే అతడు లూమ్‌తో కలిపి 20 పాపులేషన్‌తో వెళ్లాడని, 10:20 దాటాక అతడి స్కౌట్లు మీ కలప దగ్గరకు రావచ్చని ఊహించవచ్చు. అదే సందేశం 11 నిమిషాలు దాటినా రాకపోతే అతడు ఎక్కువ మంది విలేజర్లతో క్యాజిల్ ఏజ్ వైపు వెళుతుండవచ్చు, కాబట్టి మీ స్కౌట్లతో ఆలస్యం చేయకుండా దెబ్బ తీయాలి. ఈ ఊహలను మీ స్కౌట్ కళ్లతో రూఢి చేసుకోండి.

వేరే సివిలైజేషన్‌కు, వేరే బిల్డ్‌కు మారడం

2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు విడతలోని ద్రవిడులను తెలుగువారు ఎంచుకోవాలనుకోవడం సహజమే. కానీ వారికి నైట్లు (క్యాజిల్ ఏజ్‌లో వచ్చే బలమైన గుర్రపు సైనికులు) లేరు, కాబట్టి స్కౌట్ల నుంచి నైట్లకు వెళ్లే దారి మూసుకుపోతుంది. వారికి కొత్త ఏజ్ చేరిన ప్రతిసారీ 200 కలప ఉచితంగా వస్తుంది. ఆ కలప ఫ్యూడల్ ఏజ్ చేరగానే ఒక ఆర్చరీ రేంజ్‌కు సరిపోతుంది కనుక, వారితో ఆడేటప్పుడు 9వ అంశంలో కలపకు మార్చే ముగ్గురిలో కొందరిని బంగారానికి పంపి ఆర్చర్ల దారి పట్టడం మేలు.

ఆట తయారీదారులు సంఖ్యలను మారుస్తారన్నది కూడా గుర్తుంచుకోండి. ఇదే తరహా ఆట అయిన స్టార్‌క్రాఫ్ట్ 2 లో 2015లో లెగసీ ఆఫ్ ది వాయిడ్ అనే విడత వచ్చినప్పుడు, ఆరుగురు పనివారితో మొదలయ్యే ఆట 12 మందితో మొదలవడం ప్రారంభమైంది, అంతవరకు నేర్చుకున్న తొలి క్రమాలన్నీ పనికిరాకుండా పోయాయి. ప్రతి అప్‌డేట్ తరువాత మీ సివిలైజేషన్ టెక్నాలజీ ట్రీని ఒకసారి తెరిచి, మీ కాగితంలోని ధరలతో పోల్చుకోండి.

రెండవ బిల్డ్ ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మనుషులతో ఆడిన వరుస ఆటలలో ఫ్యూడల్ సమయం 10:00 లోపు ఉండి, ప్రత్యర్థి బంగారం ఎక్కడుందో ప్రతిసారీ చెప్పగలుగుతున్నప్పుడు. అప్పుడు కూడా పూర్తిగా కొత్తదానికి వెళ్లకుండా ఆర్చర్ బిల్డ్ తీసుకోండి: మొదటి 17 మంది విలేజర్ల వరకు అది దాదాపు ఇదే, ఆ తరువాత ఇంకో ఇద్దరు ముగ్గురు విలేజర్లను కలిపి, బంగారానికి మనుషులను పంపి, స్టేబుల్ స్థానంలో ఆర్చరీ రేంజ్ కట్టడమే తేడా. దాని సమయాలను ముందుగా మీరే లెక్కగట్టి కాగితం పైభాగంలో రాసుకోండి: విలేజర్ సంఖ్యలోంచి మూడు తీసివేసి 25తో గుణించి, లూమ్‌కు 25, ప్రయాణానికి 130 సెకన్లు కలపండి.